చాటింపు, శాపం, నిషేధం: ‘బ్యాన్’ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు

ఆంగ్ల దినపత్రికల శీర్షికలలో తరచుగా కనిపించే పొట్టి మాటలలో ‘బ్యాన్’ ఒకటి. పుస్తకం మీద బ్యాన్, ఆటగాని మీద బ్యాన్, బాణసంచా మీద బ్యాన్. రోమక లిపిలో మూడే అక్షరాలు గనుక ఇరుకు శీర్షికలో సులువుగా ఇముడుతుంది. తెలుగు పత్రికలు దానిని ‘నిషేధం’ అని అనువదిస్తాయి. దినపత్రికకు అది చాలు. సాహిత్యగ్రంథంలో, అందులోనూ పాత గ్రంథంలో, ఆ మాట ఎదురైన అనువాదకునికి మాత్రం చాలదు. షేక్‌స్పియర్ నాటకంలో ఒక పాత్ర ‘బ్యాన్’ చేస్తున్నదంటే నిషేధిస్తున్నదని కాదు, శపిస్తున్నదని అర్థం. చర్చిలో వధూవరుల ‘బ్యాన్స్’ చదివారంటే పెళ్లి ఆపారని కాదు, పెళ్లి జరగబోతున్నదని ప్రకటించారని. ఫ్రాంకుల రాజు వితంతువులను తన ‘బ్యాన్’ కిందికి తెచ్చాడంటే వారికి ఆంక్షలు పెట్టాడని కాదు, రక్షణ ఇచ్చాడని. ఒక్క మాటలో శాపం, చాటింపు, రక్షణ, నిషేధం ఎలా ఇమిడినవో తెలియాలంటే దాని మూలానికి వెళ్లాలి. ఆ మూలం రచయితలకు ప్రత్యేకంగా పట్టే విషయం. ఏమంటే, ‘బ్యాన్’ అంటే మొదట ఆపడం కాదు; మాట్లాడడం.

ప్రాచీనాంగ్లంలో ‘బన్నన్’ అనే క్రియ ఉన్నది. పిలుచుట, ఆజ్ఞాపించుట, బహిరంగంగా ప్రకటించుట దాని అర్థాలు. రాజు సైన్యాన్ని సమీకరించవలసి వచ్చినప్పుడు ఆ క్రియ వాడేవారు. జర్మానిక్ భాషలన్నిటిలోను దీని సోదరపదాలు ఉన్నవి. వాటన్నిటికీ సమానమైన పాత అర్థం నలుగురూ వినేటట్లు అధికారంతో పలకడమే. ఇంకా వెనక్కు పోతే ఇండో-యూరోపియన్ మూలభాషలో ‘పలుకు’ అనే అర్థం గల ధాతువు దగ్గరకు చేరుతాము. ఆ ధాతువు మొదటి వర్ణం మహాప్రాణమైన భకారం. సంస్కృతంలో ఆ భకారం అలాగే నిలిచింది, గ్రీకులో ఫకారమైంది, లాటిన్‌లో పదాది ఎఫ్ అక్షరమైంది, జర్మానిక్ భాషలలో ప్రాణం కోల్పోయి బకారమైంది. మన ‘భ్రాతృ’ శబ్దమే లాటిన్‌లో ‘ఫ్రాటెర్’గా, ఆంగ్లంలో ‘బ్రదర్’గా వినిపించడం ఈ నియమం వల్లనే. యాకబ్ గ్రిమ్ 1822లో తన జర్మన్ వ్యాకరణంలో క్రమబద్ధంగా వివరించిన ధ్వని పరిణామాలలో ఇది ఒకటి.

ఈ లెక్కన ‘బ్యాన్’కు సంస్కృతంలో తోడబుట్టినది ఏది? ‘భణ్’ ధాతువు. ఋగ్వేదంలో అది దంత్య నకారంతోనే ఉన్నది. తరువాతి సంస్కృతంలో మూర్ధన్యమై ‘భణతి’ అయినది. ప్రాకృతంలో ‘భణఇ’ అంటే ‘అంటాడు’, ‘అంటుంది’. గాథాసప్తశతి చదివినవారికి అడుగడుగునా తగిలే క్రియ అది. దాని నుంచి వచ్చిన ‘భణితి’ తెలుగు విమర్శకునికి కొత్త కాదు. కుంతకుడు వక్రోక్తిని నిర్వచించవలసి వచ్చినప్పుడు ఎంచుకున్న పదం భణితి. జయదేవుడు తన అష్టపదుల చివర తన పేరు చెప్పుకునేటప్పుడు వాడిన పదం భణితం. వంగదేశపు పదకవితలో కవి నామముద్ర గల చరణానికి ‘భణిత’ అన్న పేరే స్థిరపడింది. కవి తన మాటను తనదిగా ప్రకటించే చోటికి ఒక పేరు, ప్రభువు ఆ మాటను వద్దని ప్రకటించే చర్యకు ఒక పేరు. రెండూ ఒకే ధాతువు సంతానం.

ఆ కుటుంబం పెద్దది. లాటిన్‌లో ‘ఫారీ’ అంటే పలుకుట. జనం నోట పలికేది ‘ఫామా’, దాని నుంచి ఆంగ్లంలో ‘ఫేమ్’, కీర్తి. దైవం పలికినది ‘ఫాతుమ్’, దాని నుంచి ‘ఫేట్’, విధి. చెప్పుకునే కథ ‘ఫాబులా’, దాని నుంచి ‘ఫేబుల్’. ఇంకా పలకలేనిది ‘ఇన్‌ఫాన్స్’, దాని నుంచి పసిబిడ్డకు పేరైన ‘ఇన్‌ఫంట్’. గ్రీకులో కంఠధ్వని ‘ఫోనే’. నేడు ప్రతి చేతిలో ఉన్న ఫోను అక్కడిదే. కీర్తి, విధి, కథ, శిశువు, ఫోను, నిషేధం ఒకే ఇంటివారని నిఘంటువు చెప్పకపోతే ఎవరూ ఊహించరు.

ఐరోపా మధ్యయుగాలలో ఈ మాట రాజ్యాధికారానికి పేరైంది. ఫ్రాంకుల రాజుల కాలంలో ‘బన్నుస్’ అంటే రాజుకు గల ఆజ్ఞాపనాధికారం. రాజు నోట వచ్చినది బన్నుస్. దానిని ధిక్కరించినవాడు కట్టవలసిన జుల్మానా కూడ బన్నుసే. ఆ జుల్మానా 60 సొలిడస్ నాణేలు. సైన్యానికి రమ్మన్న పిలుపు బన్నుస్. రానివాడు ఇచ్చుకునే దండుగ బన్నుస్. షార్లమేన్ శాసనాలు చర్చిలకు, వితంతువులకు, అనాథలకు, బలహీనులకు కలిగే అపకారాన్ని రాజు బన్నుస్‌కు భంగంగా లెక్కించినవి. అంటే ఈ పదంలో ఒక కాలాన రక్షణ కూడ ఉండేది. రాజు మాట ఎంత దూరం చెల్లుతుందో అంత దూరం ఆ నీడ ఉండేది. ఫ్రెంచిలో నగర పరిసరాలను ‘బాన్లియూ’ అంటారు. పట్టణపు ఆజ్ఞ ఒక లీగు దూరం వరకు చెల్లే ప్రదేశమని దాని తొలి అర్థం. నేటి వార్తలలో పారిస్ శివారు బీదపేటలకు ఆ పేరు విన్నప్పుడు ‘వెలి పెట్టిన చోటు’ అని కొందరు అర్థం చెబుతారు. చరిత్ర అందుకు ఒప్పుకోదు. అది ఆజ్ఞ చెల్లిన చోటే గాని ఆజ్ఞ వెళ్లగొట్టిన చోటు కాదు.

వివాహప్రకటనల సంగతి ఇంతకంటె సులభం. 1215లో జరిగిన నాలుగవ లాటెరన్ మహాసభ, పెళ్లికి ముందు చర్చిలో బహిరంగ ప్రకటన జరగాలని కట్టడి చేసింది. అభ్యంతరం గలవారు ఎవరైనా ముందుకు వచ్చి చెప్పడానికి ఆ ఏర్పాటు. మన పల్లెలలో డప్పు మీద వేసే చాటింపుకు, టముకుకు ఇది ఎంతో దగ్గర. అనువాదకుడు ఇక్కడ నిఘంటువు వెదకనక్కరలేదు. ‘పెళ్లి చాటింపు’ అంటే సరిపోతుంది.

ఈ మూలం నుంచి పక్కకు పాకిన తీగలు కొన్ని ఉన్నవి. ఇటలీలో ప్రకటన ద్వారా దేశబహిష్కృతుడైనవాడు ‘బాందితో’. అలాంటివాడు అడవి పట్టి దారులు కొట్టేవాడు గనుక ఆంగ్లంలో ‘బాండిట్’ అంటే దారిదోపిడికాడు. ధ్వని చూసి మన ‘బందిపోటు’ను దీనికి ముడి పెట్టరాదు; అది ‘బంది’ అనే మాటకు సంబంధించినది. ప్రకటనకు విరుద్ధంగా సాగే సరకు ‘కాంట్రబాండ్’. ఇతరుల అధికారానికి అప్పగించి వదలివేయడం ‘అబాండన్’.

వీటిలో విమర్శకులకు ఎక్కువ పనికివచ్చేది ‘బనాల్’. ఫ్రాన్సులో ఒక జమీందారు పరిధిలోని రైతులు ఆయన మరలోనే ధాన్యం పిండి పట్టించుకోవాలి, ఆయన పొయ్యిలోనే రొట్టె కాల్చుకోవాలి, ఆయన గానుగలోనే ద్రాక్ష పిండాలి. ప్రతిదానికి రుసుము కట్టాలి. ఇది దొర ‘బాన్’, అంటే ఆజ్ఞ. ఆ మర, ఆ పొయ్యి ‘బనాల్’. ఈ హక్కులు ఫ్రెంచి విప్లవకాలంలో 1789 నుంచి సడలి 1793 నాటికి పూర్తిగా రద్దయినవి. విశేషణం మాత్రం బతికింది. అందరూ వాడే పొయ్యి గనుక ‘అందరిదీ’ అని, అందరిదీ గనుక ‘మామూలుది’ అని, చివరకు ‘కొత్తదనం లేనిది’ అని అర్థం జారింది. 19వ శతాబ్దంలో ఆంగ్ల విమర్శ దీనిని ఆ చివరి అర్థంలో స్వీకరించింది. ఒక కవి పద్యాన్ని బనాల్ అన్నప్పుడు తెలుగులో ‘చప్పిడి’ అంటారు, ‘పేలవం’ అంటారు. రెండూ పూర్తిగా అతకవు. అందులోని నింద రుచి లేదని కాదు. ఊరందరి రొట్టె కాలిన పొయ్యిలోనే ఇదీ కాలిందని. తెలుగులో ‘అరిగిపోయిన’ అనే విశేషణం దీనికి దగ్గరగా వస్తుంది.

మరి చాటింపు నిషేధంగా ఎప్పుడు మారింది? ఈ మలుపు నార్సు భాషలో స్పష్టంగా కనిపిస్తుంది. స్కాండినేవియావారి ‘బన్నా’ అంటే వద్దని ఆజ్ఞాపించుట, శపించుట. వారు ఇంగ్లండులో స్థిరపడినప్పుడు ఆ అర్థాలు ప్రాచీనాంగ్ల పదాన్ని అంటుకున్నవి. అధికారి బహిరంగంగా పలికే మాటలలో బెదిరింపు ఉండడం సహజం. బెదిరింపు ముదిరితే శాపం. మధ్యయుగాంగ్లంలో ‘బ్యాన్’ అంటే ప్రధానంగా శాపమే. జర్మన్‌లో నేటికీ ‘బాన్’ అనే మాటకు మతబహిష్కారమనీ, మంత్రముగ్ధత అనీ రెండర్థాలు ఉన్నవి. 1521లో మార్టిన్ లూథర్‌ను పోపు సంఘం నుంచి వెలివేసిన చర్య మొదటి అర్థంలో బాన్. ఒక గాయకుడు సభను కట్టిపడవేశాడంటే రెండవ అర్థంలో బాన్. మాటకు మనిషిని కట్టివేసే శక్తి ఉన్నదన్న పాత నమ్మకమే రెండింటికీ ఆధారం. నేటి వాడుకలో ఆ శక్తి ఇంకిపోయి, ప్రభుత్వపు కాగితం మిగిలింది.

ఇక్కడ తెలుగు పాఠకుడు ‘బంద్’ను తలచుకోవచ్చు. బంద్, బందోబస్తు, నిర్బంధం వేరే వంశం. అది ‘కట్టు’ అనే అర్థం గల బంధ ధాతువు. ఆంగ్లంలో దాని సోదరులు ‘బైండ్’, ‘బాండ్’. ఒకటి చేతికి వేసే కట్టు, ఒకటి చెవిన వేసే మాట. కేరళ హైకోర్టు 1997లో బంద్ పిలుపులు రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినప్పుడు, అదే సంవత్సరం సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించినప్పుడు, బంద్‌పై బ్యాన్ అన్న శీర్షికకు అవకాశం కలిగింది. శబ్దాలు పక్కపక్కన కూర్చున్నవి గాని చుట్టరికం లేదు.

తెలుగులో ఈ పదానికి సాటి ఏది? ‘నిషేధం’ మొదట పరిశీలించవలసినది. ‘నిషిధ్’ అంటే దూరంగా తోలుట, దరికి రానీయకుండుట. ఇందులో పలుకు లేదు, తోపు ఉన్నది. అయితే మీమాంసకులు దీనికి పలుకును చేర్చారు. వారి వేదవాక్య విభాగంలో విధి ఎటువంటిదో నిషేధమూ అటువంటిదే. ఒకటి పురుషుని పనికి ప్రేరేపించే వాక్యం, మరొకటి మళ్లించే వాక్యం. కలంజభక్షణం కూడదన్న ప్రసిద్ధ ఉదాహరణను చర్చిస్తూ, నఞర్థం తినడమనే క్రియతో కాక ఆజ్ఞార్థకమైన ప్రత్యయంతో అన్వయిస్తుందని వారు తేల్చారు. అనగా వాక్యం చెప్పేది ‘తినకపోవడం’ అనే పని కాదు, ‘మళ్లింపు’. కాబట్టి శాస్త్రీయమైన ‘నిషేధం’ బ్యాన్‌కు నిజంగానే సమీపబంధువు. వాడుకలోని ‘నిషేధం’ ఆ సూక్ష్మతను ఎప్పుడో వదిలిపెట్టింది.

‘వెలి’ అచ్చతెలుగు మాట; బయట అని అర్థం. మనిషిని సంఘం నుంచి తొలగించినప్పుడు, అంటే లూథర్ విషయంలో వలె, బ్యాన్‌కు వెలి సరిపోతుంది. వస్తువుకు సరిపోదు. పొగాకును ఎవరూ వెలివేయరు.

వీటన్నిటికంటె బ్యాన్‌కు సరిజోడు, నేడు కొంత మరుగున పడిన ‘ఆన’. సంస్కృత ‘ఆజ్ఞ’ ప్రాకృతంలో ‘ఆణా’ అయి తెలుగులో ‘ఆన’ అయినది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో దానాన్ని అమలు జరిపే అధికారిని ‘ఆజ్ఞప్తి’ అన్నారు. ఆ శబ్దానికి ప్రాకృతం మీదుగా వచ్చిన తెలుగు రూపమే ‘ఆనతి’. ఆన అంటే ఆజ్ఞ, ఆన అంటే ఒట్టు. ‘రాజు ఆన’ అంటే రాజు పేర పలికిన ఆజ్ఞ. ‘నా మీద ఆన, గడప దాటవద్దు’ అని తల్లి అంటే అది ఆజ్ఞ, ఒట్టు, నిషేధం మూడూను. దాటితే తల్లికి కీడు కలుగుతుందన్న భయంలో శాపపు నీడ కూడ ఉన్నది. జర్మానిక్ జాతుల మాట ప్రకటన నుంచి శాపానికి, శాపం నుంచి నిషేధానికి నడిచిన దారిలోనే, ఏ సంబంధమూ లేకుండా, తెలుగు మాట ఆజ్ఞ నుంచి ఒట్టుకు, ఒట్టు నుంచి అడ్డగింపుకు నడిచింది. పాత ఐరోపా కథలను, సాగాలను తెనిగించేవారు ‘ఆనపెట్టు’ను తిరిగి వాడుకలోకి తేవడం మంచిది. ఒక సాగాలో వృద్ధురాలు కొడుకు ప్రయాణాన్ని బ్యాన్ చేస్తే ‘నిషేధించింది’ అని రాయడం ఆమెను కలెక్టరును చేసినట్లే.

ఇక పల్లె నోట నిలిచిన మాటలు ‘వద్దు’, ‘కూడదు’. వద్దు అనేది ‘వలదు’ నుంచి వచ్చింది: అక్కరలేదు అని. కూడదు అంటే పొసగదు అని. రెండింటిలోనూ ప్రభువు లేడు, దండోరా లేదు, దండుగ లేదు. పని పొసగదని చెప్పి ఊరుకుంటవి. ఆంగ్లంలో వద్దనే పదాలలో చాలా భాగం అధికారవాక్కు నుంచి పుట్టినవి: ‘ఫర్‌బిడ్’లో ఆజ్ఞాపించే ‘బిడ్’ ఉన్నది, ‘ఇంటర్‌డిక్ట్’లో లాటిన్ ‘దీకెరె’ ఉన్నది, దాని బంధువు మన ‘ఆదేశం’లోని దిశ్ ధాతువు. తెలుగులోని దేశిపదాలు ఈ దారి పట్టలేదు. ఇది జాతిస్వభావ నిరూపణకు పనికివచ్చే సాక్ష్యమని ఎవరూ అనరాదు. సంభాషణ రాసే రచయితకు మాత్రం పనికివస్తుంది. తండ్రి కూడదన్నదానికి, సర్కారు నిషేధించిన దానికి స్వరం వేరు.

పుస్తకాల విషయంలో ఈ పదచరిత్ర కేవలం నిఘంటువు సంగతి కాదు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటించిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను మద్రాసు ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వకాలంలో ఆ ఆజ్ఞ తొలగి, 1952లో వావిళ్లవారు కావ్యాన్ని తిరిగి అచ్చు వేశారు. ఊరి వెలుపలి పేట కథ చెప్పిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’కి కూడ ఆంగ్లపాలనలో నిషేధం తప్పలేదు. ‘బ్యాన్’ అని అందరూ అనుకునే ఈ చర్యకు చట్టంలో పేరు వేరు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 99-ఎ సెక్షను, 1973 నాటి కోడులో 95వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 98వ సెక్షను రాష్ట్రప్రభుత్వానికి ఇచ్చే అధికారం, పుస్తకపు ప్రతులు సర్కారుకు జప్తయినవని ప్రకటించే అధికారం. అందులో క్రియ ‘ప్రకటించుట’. తన అభిప్రాయానికి కారణాలు చెబుతూ ప్రకటించాలని కూడ ఆ సెక్షను విధిస్తుంది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన హరనామ్ దాస్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1961లో ఒక జప్తు ఉత్తరువును కొట్టివేసినది ఈ మాట పట్టుకునే: కారణాలు చెప్పలేదు గనుక అది చెల్లదని. పాత బన్నుస్‌కు రాజు పలకడం చాలు. ఇప్పటి ప్రకటన ఎందుకో కూడ చెప్పాలి.

ఈ మాట మనిషి మీదికి తిరిగి వచ్చిన దేశం దక్షిణాఫ్రికా. 1950 నాటి కమ్యూనిజం అణచివేత చట్టం కింద అక్కడి ప్రభుత్వం వ్యక్తులనే బ్యాన్ చేసేది. అలాంటివాని మాటను ఎవరూ అచ్చు వేయరాదు, ఉటంకించరాదు. కవి డెనిస్ బ్రూటస్ 1961లో ఆ ఆజ్ఞకు లోనైనాడు. తరువాత రాబెన్ ద్వీపంలో ఖైదు అనుభవించి, 1965లో విడుదలయ్యాక కూడ ప్రచురణకోసం ఏదీ రాయరాదన్న కట్టడి ఉండగా, కవితలను వదినెగారికి ఉత్తరాలుగా రాశాడు. కుటుంబపు ఉత్తరం ప్రచురణ కాదు గదా! 1968లో అవి ‘లెటర్స్ టు మార్తా’ అన్న పేరుతో దేశం వెలుపల పుస్తకమైనవి. భణితిని ఆపడానికి వచ్చిన ఆజ్ఞ దాని రూపాన్ని మార్చగలిగింది.

మన దేశంలో ఇంకొక విచిత్రం జరిగింది. సల్మాన్ రష్దీ ‘సాటానిక్ వర్సెస్’ నవల దిగుమతిని 1988 అక్టోబరు 5 నాటి కస్టమ్స్ ప్రకటన ఆపివేసినదని మూడున్నర దశాబ్దాలు అందరూ నమ్మారు. పుస్తకం తెప్పించుకోదలచిన ఒక పాఠకుడు 2019లో ఆ ప్రకటనను సవాలు చేస్తూ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. ప్రకటన ప్రతిని సమర్పించమని కోర్టు అడిగితే అధికారులు దానిని చూపలేకపోయారు. దానిని రాసినదని చెప్పే శాఖ వద్ద కూడ ప్రతి లేదు. అటువంటి ప్రకటన లేదనే భావించక తప్పదని కోర్టు 2024 నవంబరులో ఉత్తరువు ఇచ్చింది. డిసెంబరులో ఆ నవల ఢిల్లీలో పుస్తకాల దుకాణంలో అమ్మకానికి వచ్చింది.